గోడల సందు

మిల్లు చిమ్నీ పొద్దుగాల్నే దగ్గుతది.
ఊక బూడిద వచ్చి
పదో తరగతి ఆడపిల్లల తెల్ల చున్నీల మీద పడుతది.
దులుపుకుంటనే ప్రార్థనకు నిలబడుతరు.

ఈ బడిల నేను వంట మొదలువెట్టి పదకొండేండ్లు.
ఎందరికి ఎసరు పెట్టాలెనో
సుగుణావతి మేడం చెప్పంగనే
బొగ్గుతోని గోడ మీద రాస్త: నూట తొంభై రెండు.
అండ్ల నలభై మంది మిల్లు క్వార్టర్లోళ్లు,
బీహారు రైలు దిగి మిర్యాలగూడల మిగిలిపోయినోళ్ల పిల్లలు.
మొదాట "చావల్" అని చెయ్యి చాపినోళ్లే
ఇప్పుడు "ఇంకింత పప్పు వొయ్యి పెద్దమ్మా" అని
నన్నే కసురుతరు.

క్వార్టర్లకూ బడికీ నడుమ గోడ.
గోడకు సందు.
బైపాసు చుట్టు తిరిగొస్తే కిలోమీటరున్నర,
లారీలు కండ్లు మూసుకొని ఉరుకుతయి.
సందులకెళ్లి ఇరవై అడుగులు.
పిల్లలే గాదు, సైదమ్మ మేకలొస్తయి,
చీకటి పడితే సీసాలొస్తయి,
తెల్లారి పెంకులు ఏరేది నేనే.

ప్రతి ఎండకాలం కమిటీ కూసుంటది.
ప్రతి ఎండకాలం ఇటుకలొస్తయి.
జూన్ల తొలి గంట కొట్టకముందే
ఎవరో రెండు పీకుతరు,
మిగిలినయి తోవ ఇస్తయి.

ఈసారి మీటింగుల ఒకటే లొల్లి.
వెనక ప్లాట్లు కొన్నోళ్లు
"సిమెంటు పెట్టాలె, పైన గాజుపెంకులు గుచ్చాలె" అన్నరు.
వాళ్ల పిల్లలు పసుపు బస్సులల్ల పోతరు గదా,
మా గంట వాళ్లకు ఉత్త చప్పుడు.
రింకీ నాయిన బిర్జు రాత్రి డ్యూటీ దిగి వచ్చిండు,
కనుబొమ్మల నిండ ఊక.
చెయ్యెత్తమంటే
ఎందుకో తెల్వక ఎత్తిండు.
రింకీ ఉరికొచ్చి అంగీ గుంజేసరికి
లెక్క అయిపోయింది.
గోడ గెలిచింది.

జంగయ్య మేస్త్రిని పిలిపించిన్రు.
ఇదే బడిల తొమ్మిది తప్పి తాపీ పట్టినోడు.
దారం గుంజి, గుండు వేలాడదీసి
మూడు దినాలు కట్టిండు.
మంచిగ కట్టిండు, అబద్ధమెందుకు.
నాలుగో నాడు పైసలు జేబుల పెట్టుకొని
సైకిలెక్కబోతూ నన్ను పిలిచి చూపిచ్చిండు:
మోకాలెత్తున ఒక ఇటుక బయటికి,
నడుమెత్తున ఇంకొకటి.
అవుతలి దిక్కు గూడ అట్లనే.
పైన పెంకుల నడుమ
రెండు జానల నున్నటి జాగ.
"మేడం అడిగితే?" అన్న.
"పరంజికి పెట్టినయి, కొట్టుడు మరిచిండని చెప్పు."

మేడం అడగలే.
ఇయ్యాల పొద్దున రిజిస్టరు సంకల పెట్టుకొని
గోడ దిక్కు చానాసేపు చూసింది.
పొయ్యి కాడికొచ్చి
"నూట తొంభై మూడు" అన్నది.
ఆ ఎక్కువొచ్చిన ఒక్కరెవరో నేను అడగలే.
గిన్నెల ఇంకో చెంబు నీళ్లు పోసిన.

అవుతల సైదమ్మ మేకలు నిలబడి
ఒకటే అరుస్తున్నయి.