దిమ్మెకు కాళ్ళుండవు

బంగారుపాళెం మండీలో జూన్ నెల.
కాటా రాసే బల్ల నాది.
లారీకీ లారీకీ నడుమ సందు దొరికితే
రసీదు పుస్తకం అడుగునుంచి
ఫిజిక్సు బయటికొస్తుంది.

"ఒక దిమ్మె గరుకు వాలుతలం మీద
పైకి జరుగుచున్నది..."
మార్చిలో నన్ను ముంచింది ఈ లెక్కే.
బరువును నిట్టనిలువుగా కిందికి గీశాను,
అభిలంబ బలాన్ని పలకకు అడ్డంగా నిలబెట్టాను,
ఘర్షణను మాత్రం పైకి చూపించాను.
రెండు మార్కుల్లో సబ్జెక్టు పోయింది.
"పైకి పొయ్యేదానికి ఘర్షణ పైకెట్లుంటాది, లోకేశ్వరీ?"
అన్నాడు ట్యూషను సారు.
ఎట్లుంటాదో నాకూ తెలీదు.
చేతికి అట్లా వచ్చేసింది, అంతే.

ఎదురుగా చెంగల్రాయుడు మామ.
లారీ తొట్టికి ఆనించిన పదడుగుల వేప పలక,
తొట్టి ఎత్తు నాలుగడుగులు.
సైన్ తీటా సున్నా పాయింటు నాలుగు.
నెత్తిమీద పెట్టెలో ఇరవై ఐదు కిలోల బెంగుళూరా కాయలు.
వాలు వెంబడి వంద న్యూటన్లు!
గుండ్రంగా వచ్చిందని మురిసి
కింద రెండు గీతలు గీశాక గుర్తొచ్చింది,
మోసే మనిషిని కలపనేలేదని.
"మామా, కాటా ఖాళీగా ఉండాది, ఎక్కు."
యాభై రెండు.
వంద కాస్తా మూడొందల ఎనిమిదైంది.

దిగుతూ నా కాయితంలోకి తొంగి చూశాడు.
"ఈ పెట్టెకి గుచ్చిన ముల్లులేంది పాపా?"
"బలాలు మామా. ఆ పెట్టె నువ్వే."
"నేనా? తలకాయేదీ? కాళ్ళేవీ?"
నవ్వాడు గానీ, కాసేపు అక్కడే నిలబడ్డాడు.
"పొట్టి పలకైతే నడక తగ్గుతాది గదా?"
పరీక్షకన్నట్టు అడిగాను.
"తగ్గుతాది. మోకాలు ఒప్పుకోదు.
ఆరడుగుల పలక మీద మా నాయన ఒక సీజనంతా ఎక్కినాడు.
మళ్ళీ ఆయప్ప గడప దాటాలంటే
గోడ పట్టుకోవాల్సొచ్చె."
సారు చెప్పిన సూత్రమే ఇది.
సారు గోడ సంగతి చెప్పలేదు.

మూడున్నరకి తుంపర మొదలైంది.
పలక నల్లబడింది.
మ్యూ పడిపోతుందని నేను పేజీ వెతికేలోగా
గోనెపట్ట విప్పి పలక మీద పరిచి
అంచుల్లో మేకులు కొట్టేశాడు.
తడి వేప మీద తడి గోనె –
ఏ పట్టికలోనూ లేదు ఆ విలువ.
చెప్పులు విడిచాడు. పెట్టె ఎత్తుకున్నాడు.

అప్పుడు చూశాను.
బొటనవేళ్ళు గోనెను వెనక్కి తోస్తున్నాయి.
అడుగు పడినప్పుడల్లా పీచు కిందివైపుకి సాగుతోంది.
మరి గోనె?
ఆయన్ని పైకి తోస్తోంది.
పైకే!

మార్చిలో నా చెయ్యి గీసింది దిమ్మెను కాదు.
మూడు ఎండాకాలాలుగా ఈ బల్ల ముందు
ఎక్కుతూ ఉన్న పాదాల్ని.

దిమ్మెకు కాళ్ళుండవు.
ఎవరో తోస్తే జరుగుతుంది,
జరిగేదాన్ని పలక వెనక్కి పట్టి లాగుతుంది.
నడిచేవాణ్ణి అదే పలక, అదే గరుకుతో
ఎక్కిస్తుంది.
సారుకి చెప్పాలి ఈ మాట.
చెప్పినా మార్కులు రావు,
వాళ్ళడిగింది దిమ్మెను గురించే గనక.
గురువారం చిత్తూరులో సప్లిమెంటరీ.
బాణం కిందికే గీస్తాను.

ఆఖరి లారీ గుజ్జు ఫ్యాక్టరీకి పోయింది.
పలకను కింద పరుచుకుని
గోనె మీదే ఒరిగాడు చెంగల్రాయుడు.
ఇప్పుడు తీటా సున్నా.
సైన్ మొత్తం పోయింది, కాస్ ఒకటైంది.
పొద్దుటినుంచి ఆయన మోసిన పలక దారి
ఇప్పుడు ఆయన్ని మోస్తోంది,
యాభై రెండు కిలోలూ,
వీసం కూడా ఆయనకు మిగల్చకుండా.

కళ్ళు మూసుకునే అడిగాడు:
"పాపా, ఆ బొమ్మకి కాళ్ళు పెట్టినావా?"

రఫ్ పేజీలో పెట్టాను మామా.
మామిడి సొన అంటిన చోట,
పెట్టె కింద రెండు,
వేళ్ళతో సహా.