తూకం గుండు

పటమటలో, బందరు కాలవ పక్కన,
పద్నాలుగో అంతస్తు.
మస్తాన్‌వలి గోడకి టైల్స్ అతికిస్తున్నాడు.
పదీ నలభై అయి ఉంటుంది,
టీ ఇంకా పైకి రాలేదు.

దారానికి వేలాడే ఇత్తడి గుండు
ఉన్నట్టుండి ఎడమకి జరిగింది.
కిటికీలకి అద్దాల్లేవు, అయినా గాలీ లేదు.
మళ్లీ కుడికి, తీరుబడిగా.
బకెట్లో సిమెంటు పాలు ఒక అంచు తడిపి
రెండో అంచూ తడిపాయి.

"సార్, నాకు బీపీ" అన్నాడు.
నాకూ అలాగే ఉంది.
ఇద్దరికీ ఒకేసారి బీపీ రాదుగా.

మెట్లన్నీ దిగి వస్తే
కింద ఇసక జల్లిస్తున్న పేరమ్మ
జల్లెడ ఆపకుండానే నవ్వింది:
"పొద్దున్నే చుక్కేశారా ఇద్దరూ?"
ఎదురుగా రేకుల ఇడ్లీ కొట్టులో
గ్లాసులో నీళ్లయినా కదల్లేదట.

సాయంత్రానికి తెలిసింది,
అండమాన్‌కి కూడా ఆ పక్కన
సముద్రం అడుగున ఏదో జారిందని.
పొట్టి అలలు దారిలోనే అలిసి చచ్చాయి.
పొడుగ్గా, నిదానంగా నడిచేది ఒక్కటే
ఊళ్లోకి వచ్చింది.
కృష్ణ ఎప్పుడో పడుకుని లేచిపోయిన
మెత్తటి ఒండ్రులో కాళ్లు కడుక్కుని,
ఒళ్లు పెంచుకుని,
పేరు పెట్టి పిలిచింది.

కట్టిన ప్రతిదానికీ ఒక పేరుంటుంది.
డ్రాయింగుల్లో దాన్ని సెకన్లలో రాస్తారు.
రేకుల కొట్టుది రెప్పపాటు కూడా లేని పేరు.
మాది ఒకటిన్నర.
సంతలో ఎన్ని కేకలున్నా
మన పేరు వినపడితే తల తిప్పమూ?
తిప్పింది. అంతే.

పైలింగ్ వేసిన రోజు
యాభై అడుగుల లోతునుంచి
బురదతో పాటు ఒక నత్తగుల్ల పైకొచ్చింది.
పేరమ్మ కడిగి కొంగున ముడేసుకుంది.
కాగితాల మీద మేం నేల అని రాసుకున్నాం.
తను ఇంకా నదేననుకుంటోంది అది.

"మన ఊళ్లో భూకంపాలు రావండీ"
అంటారు బిల్డర్ పూర్ణచంద్రరావు గారు,
ఫ్లాట్ చూడ్డానికొచ్చిన వాళ్లతో.
అబద్ధం కాదు.
ఇది మన ఊరి భూకంపం కాదు.

దూలం కింద, ఇటుక మొదలయ్యే చోట
వెంట్రుకంత గీత.
"పుట్టీ కొట్టించెయ్" అన్నారు.
మస్తాన్‌వలి చెవి మీది పెన్సిల్ తీసి
గీత పక్కన తారీఖు వేశాడు,
టైమూ వేశాడు,
దాని మీద నున్నగా పుట్టీ పూశాడు.

తర్వాత గుండు వేలాడదీశాడు.
ఆగింది.
ఆగాక కూడా కాసేపు
దాన్నే చూస్తూ,
టైలు చేతిలోనే పట్టుకుని.