చిన్నకోడలి రూటర్

చీమకుర్తిలో మా వెనకగది గోడలు
ఫ్యాక్టరీ వద్దని పారేసిన పలకలు.
నల్లరాయి, లోపలంతా చుక్కలు.
ముందుగదిలో నిండుగా ఉండే సిగ్నల్
ఆ చుక్కల్లోకొచ్చి చచ్చేది.
లారీ బిల్లులు వీధరుగు మీద కూచుని కొట్టేదాన్ని,
ఫోను ఎండకు కాలిపోతుంటే.

ఖాజావలి పాత రూటరిచ్చాడు, రెండొందలు.
ఒక కొమ్ము వంకర.
చెవిపోగు కాడతో వెనకబొక్కలో పొడిచి
పదిదాకా లెక్కపెట్టా.
పాత ఇల్లు మరిచిపోయింది.

పేరు పెద్దదాని పేరే. పాస్‌వర్డూ అదే.
అడ్రసులు పంచే పని మాత్రం మాన్పించా.
పెద్దకోడలు వడ్డిస్తుండగా
చిన్నది గరిటె పట్టకూడదు;
పడితే ఏమవుద్దో
ఈ ఇంట్లో నాకంటే ఎవరికి తెలుసు.

రాయికి బెజ్జం పడలా. రెండు బిట్లు అరిగినై.
కిటికీ దోమతెర చింపి వైరు లాక్కొచ్చా.

పచ్చదీపం.

సీరియల్ చూసుకుంటా రవణమ్మక్క
గడప దాటి నా గదిలోకొచ్చింది,
ఫోన్లోంచి తలెత్తకుండా.
"ఈడ కూడా ఆగలేదే!"

పదకొండు నెలలైంది మేం మాట్లాడుకొని.
మంచం మీది బట్టలు
పక్కకు జరిపా.