అవతలి ఒడ్డు చానల్

ముహర్రక్‌ల నాది ఏంటినాల పని.
నిచ్చెన, మీటరు, నడుముకు తాడు,
జేబుల పన్నెండో నంబరు పానా.
అరబ్బీల మూడు మాటలు గట్టిగ నేర్చుకున్న:
బొమ్మ ఉందా, బొమ్మ పోయిందా, ఇప్పుడెట్లుంది.
గీ మూడింటితోనే పదకొండేండ్లు గడిచినయి.

పాత టీవీ మంచిది పాపం.
సిగ్నల్ సగం వస్తే సగమే చూపేది.
చీమలు పారేవి,
మనిషెనక ఇంకో మనిషి నీడోలె నిలబడేటోడు,
గొంతు గరగరమన్నా మాట తెలిసేది.
డిజిటల్‌కు ఆ దయ లేదు.
ఉంటే అద్దం, లేకుంటే నలుపు.
నడుమ ఒక్క గడియ
వార్తలు చదివే పిల్ల దవడ
గళ్లు గళ్లయి చెవికాడికి పోతది.

ఆగస్టుల ఫోనొచ్చింది. బీబీ నర్గిస్ ఇల్లు, చేపల మార్కెట్ ఎనక సందు.
మాట్లాడింది మాబున్ని, రాయచోటి మనిషి, ఆ ఇంట్ల పని.
"ఏందినా ఇది, రాత్రి తొమ్మిదైతే చాలు
బొమ్మ పగిలిపోతాంది. పొద్దున బాగానే ఉండాది.
ఇద్దురొచ్చి చూసి లెక్క తీసుకోని పోయినారు.
పగిలేది పగలతానే ఉంది."

పగటీలి పోయిన.
బలం ఎనభై రెండు, క్వాలిటీ తొంభై.
ఉప్పు తిన్న కనెక్టరు కోసి కొత్తది ఏసిన.
బాగైందని నోటిదాకొచ్చింది, అనలే.
పైసలు తీసుకోలే.

రాత్రి మళ్ల ఎక్కిన.
ఆకు కదులుతలేదు.
సముద్రం పొద్దంత ఉడికి
ఊరి మీద తడి దుప్పటి కప్పింది.
నిచ్చెన మెట్లకు చెమట, నాదో దానిదో.
తొమ్మిది కొట్టంగనే మీటరుల
బలం తొంభై ఐదు. క్వాలిటీ ఆరు.
ఇంత బలముండి గింత అన్యాయమా అని
మీటరును తొడకు కొట్టిన.

అప్పుడు యాదికొచ్చింది కోయా మేస్త్రి చెప్పింది.
ఎండకాలం రాత్రుల్ల ఈ నీళ్ల మీద
కింద సల్లటి తడి గాలి, మీద వేడి పొడి గాలి,
నడుమ కంటికి కనవడని పైపు తయారైతదట.
అవతలి ఒడ్డు టవరు మాట
ఆ పైపుల జారి జారి వచ్చి
మన టవరు నంబరు మీదనే కూసుంటదట.
ఎవలి తప్పూ లేదు.
ఒక్కటే కుర్చీ, ఇద్దరు చుట్టాలు.

మందు ఉంది.
ఏంటినా ఈపుకు జాలి కట్టాలె,
సముద్రం దిక్కు చెవి మూయాలె.
పానా తీసిన.
కిందికెల్లి కేక: "నా, ఆగు! తిప్పొద్దు!"

దిగి చూస్తే
మాబున్ని ఎతుకుడు బటన్ ఒత్తిందట.
అవతలి టవరు గెలిచింది.
తెర మీద ఒక ముసలాయన వంకాయలు కాలుస్తుండు, పార్శీల ముచ్చట పెడుతుండు.
బీబీ నర్గిస్ సోఫా దిగి
టీవీకి జానెడు దూరంల నేల మీద కూసున్నది.
మనుమలు నవ్వుతున్నరు: బీబీకి ఈ భాషెక్కడిది?

తల్లి ఆ ఒడ్డు నుంచి పడవల వచ్చిందట.
ఆ మాటలు వంటింట్లనే, తలుపేసుకోని మాట్లాడేదట.
తల్లి పోయి అరవై ఏండ్లు.
ముసలాయన పొయ్యి మీద ఏదో ఆకు తుంచి ఏసిండు.
దాని పేరు ఆయనకంటే ముందు ఈమె చెప్పింది.

కొడుకు అడిగిండు: ఇప్పుడెట్లుంది?
నాకున్న మూడు మాటలల్ల
దీనికి జవాబు లేదు.
పానా జేబుల ఏసుకున్న.
"అక్టోబరుల దానంతటదే బాగైతది" అని
మాబున్నితోని చెప్పిచ్చిన. అబద్ధం కాదది.

అక్టోబరుల గాలి మళ్లింది.
చొక్కా తాడు మీద ఒక్క పూటల ఆరింది.
ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను:
"నా, బొమ్మ బాగైపోయిండాది.
ఏమన్నా చేసేదానికైతాదా?"