నాలుగు ఉతుకులు

స్టీలు గిన్నెల గంపామె
చండూరులో మా సందుకు పొద్దున్నే వచ్చింది.
మూటెడు పాత బట్టలకు
మూత లేని టిఫినొకటి ఇస్తనన్నది.
సుగుణ మూత గావాలన్నది.
బేరం ఆ మూత కాడ ఆగితే
గంతల నేను మూట విప్పిన.

విప్పకుండ ఉండాల్సింది.

మీదనే బొమ్మ చెరిగిపోయిన పచ్చ గౌను.
దాని కింద అంగన్‌వాడీ నాటి నిక్కరు,
ఎలాస్టిక్ సాగి సాగి పానం ఇడిసింది.
మూడో తరగతి యూనిఫారం,
సిరా తాగి జేబు నీలమైంది.
సింధుజ ఇప్పుడు తొమ్మిదో తరగతి.
వాళ్లమ్మ చెప్పులేసుకొని బడికి పోతున్నది.

"టిఫినొద్దు" అన్న.
గంపామె, సుగుణ
నా దిక్కు ఒక్క తీరుగనే చూసిన్రు.

నేను లైన్‌మన్ని.
తెగిన తీగకు తీగ ముడేసుడు నా పని.
పదకొండు కేవీ కాడ వణకని చెయ్యి
సూది బెజ్జం ముందట వణికింది.

ఊశమ్మ దగ్గరికి పోయిన.
ఒకప్పుడు ఊర్ల సగం బొంతలు ఆమె కుట్టినయే.
పుట్టింది మర్రిగూడ దిక్కు,
అక్కడి బోరు నీళ్లు కీళ్లల్ల గడ్డకట్టినయి.
వేళ్లు వంగవు, మెడ తిరగదు.
గోడకానుకొని మాటతోనే కుట్టిస్తది.

"గుండీలు కోసి డబ్బల ఎయ్యి.
అడుగున చీర, నడుమ చినిగిన పంచెలు,
మీద నీ బిడ్డ ముక్కలు.
మూలలకు రాళ్లు పెట్టు, గాలికి లేస్తది.
అంచు కాడ మొదలువెట్టి నడిమికి రా.
పొట్టి కుట్టు. పొట్టి అన్న గదా!
గది కుట్టా,
స్తంభానికీ స్తంభానికీ నడుమ తీగనా?"

బొటనవేలికి నల్ల టేపు చుట్టుకున్న.
అయినా దిగింది.
పచ్చ గౌనుకు కత్తెర పెట్టే ముందట
కరెంటు బందయిందా లేదా అన్నట్టు
అటు ఇటు చూసుకున్న.

పూల గౌను ముక్కను సరిగ్గ నడిమిట్ల పెట్టిన.
డెంగీ జరమొచ్చినప్పుడు నల్లగొండ దవాఖానల
మూడు రాత్రులు తొడుక్కున్నది అదే.
సెలైను దిగినంక
నా మొకం చూసి ఇడ్లీ అడిగింది ఆ గౌనుల్నే.
ఎవరూ చెప్పకున్నా
దాని చుట్టు రెండు వరుసలు ఎక్కువ కుట్టిన.

ఇరవై మూడు ఆదివారాలు.
నడుమ గాలిదుమారానికి ఏడు స్తంభాలు పడ్డయి,
గుచ్చిన కాడనే సూది తుప్పు పట్టింది.

అయిపోయినంక సింధుజ
బొంత మీద బోర్ల పడుకొని
ముక్క ముక్క మీద వేలు పెట్టి చదివింది.
పూల గౌను కాడ ఆగింది.

"ఇది నాది గాదు డాడీ.
బాలమణి పెద్దమ్మ వాళ్ల రోజాది.
బట్టల్ల బట్టలు కలిసినట్టున్నయి."

"దవాఖానల..."

"దవాఖానల నేను తొడుక్కున్నది నీ అంగీ.
నా గౌను మీద కక్కుకున్ననని
నీ ఖాకీ అంగీ ఇప్పి నాకేసినవ్.
మూడు రోజులు బనీను మీదనే తిరిగినవ్ గదా,
నర్సమ్మ తిట్టింది."

నాకు యాదికి లేదు.
ఆ అంగీ ఏమైందో అంతకన్నా లేదు.
బండి తుడిచి ఉంట.

ఇప్పుదామా అని ఊశమ్మనడిగిన.
"ఇప్పితే బొక్కలు మిగుల్తయి. ఉండనీ.
ఆ పోరి కూడ మన కండ్ల ముందట పెరిగిందే గదా."
ఎనక చూపియ్యమన్నది.
ఆమె మెడ తిరగదు,
నేనే బొంతను తిరగేసి పట్టుకున్న.
నా ముడులన్నీ, నా వంకర్లన్నీ
ఆమె కండ్ల ముందట బయటపడ్డయి.

"నాలుగు ఉతుకులు ఆగుతది" అన్నది.
"అయిదో ఉతుకుకు మల్ల రా."

జర ఆగి,
"బరువెంతున్నదో చూస్త,
మోకాళ్ల మీద కప్పు" అన్నది.

కప్పిన.
ఎండాకాలం. మీద ఫ్యాను తిరుగుతున్నది.
తీస్కపొమ్మని ఆమె అనలే.
నేనూ అడగలే,
జర సేపు.