రాడ్ పట్టుకోండి

"రాడ్ పట్టుకోండి, రాడ్ పట్టుకోండి" అని
పంతొమ్మిదేండ్లు అరిసిన,
హన్మకొండ నుంచి పరకాల దాక.
కాలేజీ పిల్లలకు, తాగినోళ్లకు,
చంకల బిడ్డ ఉన్న తల్లులకు.
గిప్పుడు నా నడుముల రెండు రాడ్లున్నయి,
నాలుగు మరలు.
ఎవలు ఎవల్ని పట్టుకున్నట్టో
ఇంక సమజైతలేదు.

ఎక్స్‌రే కిటికీకి పెట్టి చూసి
"పల్లెవెలుగు బండి లెక్కనే ఉన్నవే" అన్నడు ఓదెలు.
నవ్వొద్దు, కుట్లు గుంజుతయి.
నవ్విన.
గుంజినయి.

నొప్పి రూటు నాకు తెల్సు.
ఓగులాపురం స్పీడ్ బ్రేకర్ కాడ ఎక్కేది,
దామెర క్రాస్ కాడ తొడ ఎనుకకు జరిగేది,
గూడెప్పాడ్ల మోకాలు దాటి
పరకాల బస్టాండ్ల బొటనేలి కాడ దిగేది.
నేను చాయ్ తాగేదాక ఆగి
మళ్ల నాతోనే ఎక్కేది.
"కూసునే నౌకరే గదా" అన్నరు చుట్టాలు.
నా సీటు మీద
ఎప్పుడు ఎవల మూటనో ఒకటి ఉంటదని
ఎంతమందికి చెప్పాలె?

"కట్టె దొర్లినట్టు దొర్లాలె ఆంటీ,
భుజం, తుంటి, మోకాలు ఒక్కపారే" అన్నది
ఫిజియో పిల్ల నౌషీన్.
దాని చెయ్యి పట్టుకొని
నక్కలగుట్ట దవఖాన వరండల ఏడడుగులేసిన.
పెండ్లిల గూడ గింత భయపడలె.

ఇంట్ల ఓదెలు పొద్దుగాల బెల్టు కడ్తడు.
టెంట్ హౌజ్ల షామియానాలు కట్టే చేతులు,
నేను గూడ గాలికి లేస్తనేమో అన్నట్టు
ఒకటికి రెండు మాట్ల గుంజి చూస్తడు.
నా కాలి గోర్లు తీస్తుంటె
నేను కిటికీ దిక్కు చూస్త.
సిగ్గు గాదు.
ఏందో.

రాత్రి మూడింటికి మెలకువొస్తది.
నొప్పి ఏడున్నదని తడుముత,
చేతికి కుట్ల గీత తలుగుతది.
ఎడమ బొటనేలు మాత్రం ఇంక మొద్దుగనే ఉన్నది.
"వస్తది, టైం పడ్తది" అన్నడు డాక్టర్.
ఆఖరు స్టాపు కదా.

ఒక్కటే మర్రాదు.
నా ఆఖరు ట్రిప్పుల ఒక తాత,
ఒళ్లె మిరపనారు సంచి.
చిల్లర లేక టికెట్ ఎనుక 'ఎనిమిది' అని రాసిచ్చిన,
"దిగేటప్పుడు తీస్కో" అన్న.
గూడెప్పాడ్ వచ్చింది. లేవబోయిన.
నడుముల ఏదో పుటుక్కుమన్నది.
నేను ఒర్లింది "రైట్" అనుకొని
కట్టయ్య గేరేసిండు.
కిటికీల నుంచి చూస్తనే ఉన్న,
తాత రోడ్డు మీద నిలబడి
టికెట్ చెయ్యెత్తి చూపిస్తున్నడు.

మూడో నెల పడ్డది.
పొద్దూకినంక బస్టాండ్ దాక నడుస్తున్న.
ఇగ బండెక్కనియ్యరట,
ఎంక్వైరీల కూసోబెడ్తరట, కాయితం వచ్చింది.
కట్టయ్య నన్ను చూసి హారన్ కొడ్తడు,
బండి ఆపడు, టైం లేదు.

పరకాల ప్లాట్‌ఫారం కాడ నిలబడ్త,
బెల్టు మీద చీర సర్దుకొని,
మిరపనారు సంచులు ఏమన్న కనవడ్తయా అని.
మొఖం గుర్తు లేదు, సంచే గుర్తున్నది.
కొంగున ముడి ఉన్నది.
అయిదొకటి, రెండొకటి, రూపాయొకటి.