పెన్ను మూత

ఉలాన్‌బాతర్‌లో జనవరి. మైనస్ ముప్ఫై.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
ఊరి మీద గొంగళి కప్పినట్టు బొగ్గుపొగ.
ఓపీ వరండాలో అందరిదీ ఒకటే దగ్గు.

డాక్టర్ నర్మందాఖ్ మొదటి రోజే చెప్పింది:
"పెన్నుకి మూత పెట్టే ఉంచండి.
ముందు చెవికి పని, తర్వాతే చేతికి."

నేను మూత తీసేశాను.
ఎదురుగా రెండేళ్ళ పాప, చలికి పగిలిన బుగ్గలు.
గుడారాల పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తల్లిని
ఉత్త చేతులతో ఎలా పంపను?
అమాక్సిసిలిన్ అని సగం రాశానో లేదో
చీటీ మీద ఆవిడ వేలు.
"ఊపిరి లెక్కపెట్టావా?"
లేదు.
"లెక్కపెట్టు. నిమిషం నిండా."

నిమిషం ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది.
ముప్ఫై రెండు. డొక్కలు ఎగరడం లేదు.
ముక్కు కారుతోంది, చేతులు నా స్టెతస్కోపుతో ఆడుతున్నాయి.
"ఇది వైరస్. పైన కాస్త పొగ.
పొగకి ఏ మాత్ర రాస్తావు, తుగుల్దుర్?"

సూది వెయ్యని డాక్టరేం డాక్టరని
తల్లి నా మొహం మీదే అంది.
డొక్కలెగరడమంటే ఏమిటో చూపించాను,
ఊపిరి లెక్క నేర్పాను,
పాలు మానేస్తే అర్ధరాత్రైనా తీసుకురమ్మన్నాను.
మాటల్ని సంచిలో వేసుకోలేక
ఖాళీ సంచితోనే వెళ్ళింది.
బస్టాపు పక్కనే మందుల షాపు. అక్కడ చీటీ అడగరు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో గాజుపళ్ళెం.
ఆరో మంచం దుల్మా అవ్వ మూత్రంలోంచి పెరిగిన సూక్ష్మజీవులు,
వాటి మధ్య బొట్టుబిళ్ళలంత మందుబిళ్ళలు.
మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ రావాలి,
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు.
ఒక్కదానికీ కట్టలేదు.
ప్రతి బిళ్ళ గుమ్మందాకా వచ్చి మొలిచింది నాచు.

అవ్వ పాత వైద్యపుస్తకం తిరగేసింది డాక్టర్.
తుమ్ముకొకటి, దగ్గుకొకటి.
పన్నెండేళ్ళ కిందటి పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
వాలు అక్షరాలు, తొందర సంతకం.
"ఇది నా రాతే.
మూడు రోజుల జలుబు. ఆ రోజు క్యూ పొడుగ్గా ఉంది."
మేమెవరమూ తలెత్తలేదు.

ఎముక లేని చెయ్యి దానానికి అందం.
చీటీ మీద అదే చెయ్యి అప్పు చేస్తుంది,
తీర్చేది ఇంకెవరో.

అలాగని పిసినారి కాదావిడ.
మొన్న రాత్రి రెండింటికి
పాలు మానేసి నీలమెక్కుతున్న పసిగుడ్డు కోసం
మెట్లు రెండేసి దూకుతూ వయల్ తానే తెచ్చింది.
ఆ రాత్రి మూత ఎక్కడ పడిందో ఎవరూ వెతకలేదు.

తెల్లారి పాప తల్లికి ఫోన్ చేశాను.
"జ్వరం తగ్గిందా?"
"లేదు."
కాసేపు పొయ్యిలో బొగ్గు వేస్తున్న చప్పుడు.
షాపు సంగతి నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
"పాలు తాగింది.
రాత్రంతా లెక్కపెడుతూనే ఉన్నా.
ముప్ఫై నాలుగు దాటలేదు."